పథ్యమెవరిది?

మధుమేహము ధనవంతుల వ్యాధియని లోకము ఒకప్పుడు తలచెడిది. మెత్తని ఆసనము, నేతిగిన్నె, చాకిరీకి మనుషులు గలవారిని వెదకికొని వచ్చు జబ్బనియు, రెక్కాడితేగాని డొక్కాడనివాని జోలికి అది పోదనియు అనుకొనెడివారు. ఆ మాట నేడు చెల్లదు. భారత వైద్య పరిశోధన మండలివారి సహాయముతో దేశమంతట జరిగిన సర్వేక్షణ ఫలితములు 2023లో వెలువడినవి. పది కోట్ల పది లక్షలమందికి ఈ వ్యాధి యున్నదనియు, మరి 13 కోట్ల 60 లక్షలమంది దాని గడపమీద నిలిచియున్నారనియు అందు తేలినది. అంతకుముందు 2017లో పదిహేను రాష్ట్రముల లెక్కలు ప్రకటించినప్పుడే ఇంకొక సంగతి బయటపడెను. కొంత సంపన్నములైన రాష్ట్రములలో, పట్టణవాసులను మాత్రము తీసికొని చూచినచో, ధనికులకన్న పేదలలోనే ఈ వ్యాధి హెచ్చుగా కనబడినది. పల్లెలలో ఇంకను పాత లెక్కయే. పట్టణము మాత్రము లెక్కను తలక్రిందులు చేసినది.

మన వైట్‌ఫీల్డు పట్టణమై ఎంతో కాలము కాలేదు. 1882లో మైసూరు మహారాజు పదవ చామరాజ ఒడెయరువారు యూరేషియను, ఆంగ్లో ఇండియనుల సంఘమునకు 3,900 ఎకరములిచ్చినప్పుడు ఇది సేద్యమునకై ఏర్పడిన ఊరు. ఇప్పుడు ఆ నేలమీద అద్దాల మేడలు లేచినవి. 2023 నుండి మెట్రోరైలు కాడుగోడి వరకు వచ్చుచున్నది. ఇక్కడి తెలుగు కుటుంబములు ఒక్క తీరువి కావు. వర్తూరు, కాడుగోడి ప్రాంతములలో తరతరములుగా ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటాడుచు వచ్చినవారు కొందరు. వారి చుట్టరికములు కోలారు, ముళబాగిలు, చింతామణి వైపు. గత ముప్పదియేండ్లలో కంప్యూటరు ఉద్యోగములకు వచ్చి తల్లిదండ్రులను పిలిపించుకొన్నవారు మరికొందరు. ఆ మేడలకు కావలి కాయువారు, కార్లు తోలువారు, వంటలు చేయువారు, గోడలు కట్టువారు ఇంకొందరు. అద్దె, బడి రుసుము, అప్పు వాయిదాలు పోగా తిండికి మిగులునది తక్కువయను మాట మాత్రము ఈ మూడు తెగలవారి నోటను వినుచున్నాము.

ఇట్టి ఇంటిలో ఒకరికి మధుమేహము వచ్చినదనుకొందము. వైద్యుడు పథ్యము చెప్పెను. ఆ పథ్యమెవరిది? రోగిది, ఇంకెవరిదని మనము వెంటనే అందుము. నోరు కట్టుకొనవలసినవాడు అతడే. కట్టుకొనలేనిచో అనుభవించువాడును అతడే. వినుటకిది న్యాయముగనే యున్నది. కాని ఈ సమాధానమునందు రెండు పొరపాటులు దాగియున్నవని మా అభిప్రాయము. వ్యాధి తిండిపోతుతనమునకు శిక్ష యనుకొనుట మొదటిది. ఇంటిలో ఏమి వండవలెనో రోగియే నిర్ణయించుననుకొనుట రెండవది.

మొదటిదానిని మన ప్రాచీన వైద్యమే అంగీకరింపలేదు. సుశ్రుతుడు తన గ్రంథమున చికిత్సాస్థానము పదునొకండవ అధ్యాయములో ప్రమేహము రెండు విధములని చెప్పెను: పుట్టుకతో వచ్చునది ఒకటి, అపథ్యమువలన వచ్చునది రెండవది. పుట్టుకతో వచ్చినదానికి తిన్నవానిని నిందించుటెట్లు? వంశమున నున్నవారికి ఈ వ్యాధి త్వరగా వచ్చునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. అయినను మన ఇండ్లలో జరుగునదేమి? రక్తపరీక్ష కాగితము వచ్చిన దినముననే ఆ ఇంటి పెద్దాయన నేరస్థుడగును. "చెప్పితే విన్నావా నాయనా" యని కొడుకు, "నిన్న రెండు లడ్డులు తిన్నారు" అని కోడలు, మధ్యలో మనుమడు సాక్షి. రోగి ఆ తీర్పునకు తలయొగ్గి, దొంగచాటుగా తినుట నేర్చుకొనును. నిందవలన కలుగు ఫలితమింతకన్న ఎక్కువ మేము చూడలేదు.

రెండవ పొరపాటునకు వచ్చుటకు ముందు అదే అధ్యాయములోని మరియొక ఘట్టము చెప్పవలెను. ఒకే వ్యాధికి సుశ్రుతుడు మనిషి స్థితినిబట్టి వేరు వేరు విధులు చెప్పెను. ధనమో బంధువులో లేనివాడు చెప్పులును గొడుగును లేక, భిక్షాన్నము తినుచు, ఊరికొక్క రాత్రి నిలుచుచు, మునివలె నిగ్రహముతో నూరు యోజనములో అంతకు మించియో నడువవలెను. మహాధనికుడు శ్యామాకము, నీవారము వంటి అడవి ధాన్యములను, ఉసిరిక, వెలగ మొదలగు పండ్లను తినుచు మృగములతో కూడ వసింపవలెను. తక్కినవారు ఎడతెగక దున్నవలెను, లేదా బావి త్రవ్వవలెను. నేటి రోగి ఈ విధులను ఉన్నవియున్నట్లు ఆచరింపవలెనని మేము చెప్పుటలేదు. మందు మానుకొని కాశీకి బయలుదేరవలదు. ఆ ఏర్పాటులోని లోకజ్ఞానమునే చూపుచున్నాము. భిక్షాన్నము తినువాడు వడ్డించినది తినవలసినవాడే గాని కోరినది తినగలవాడు కాడు. అందుచేతనే ఆచార్యుడు అతని ఆహారమును వదలి కాళ్లను పట్టుకొనెనని మాకు తోచును. ధనము లేమితో పాటు బంధువులు లేమిని కూడ ఆయన ఒకే వాక్యమున చేర్చుట ఇంకను గమనింపదగినది. అనగా బంధువులున్నచో ఆ నూరు యోజనముల నడక తప్పవచ్చును. డబ్బువలెనే ఇల్లు కూడ చికిత్సా సాధనమని దాని భావము.

ఇప్పుడు మన ఇండ్లలోనికి వత్తము. ఉదాహరణకు ఇంటి తల్లిని తీసికొందము. ఆమెకు చక్కెర వ్యాధి. పిల్లలు టిఫిను పెట్టెలో సగము అన్నము మిగిల్చి తెత్తురు. భర్త బయట తిని వచ్చును. కుండలో అన్నము మిగులును. అన్నము పరబ్రహ్మమని పెరిగిన మనిషి దానిని చెత్తబుట్టలో వేయగలదా? వేయలేదు. తానే తినును. ఉదయము చద్దిగా, రాత్రి పులిహోరగా, ఏదో ఒక రూపమున తినును. కూరలు ఖరీదైనవి, అవి పిల్లలకు, భర్తకు. పప్పులో చిక్కనిది వారికి, పైతేట తనకు. కడపట ఆమె విస్తరిలో మిగులునది తెల్లని అన్నము, చారు, మజ్జిగ, ఊరగాయ. వైద్యుడు వలదన్నదే ఆమె వంతునకు వచ్చినది. ఏది తినుమనెనో అది ఇతరులకు పోయినది. ఆమెను అపథ్యము చేయుచున్నదని ఎట్లనగలము? ఆమె చేయునది త్యాగము. అన్నమును పారవేయకుండుట, తనకొరకు వేరుగా ఏదియు కోరకుండుట, అందరి తరువాత తినుట: ఈ మూడును మనము ఆమెకు చిన్ననాటినుండి నేర్పిన సుగుణములే. ఆ సుగుణములే నేడు ఆమె కన్నులను, మూత్రపిండములను, పాదములను తినివేయుచున్నవి.

త్యాగము గొప్పదని మేమును నమ్ముదుము. కాని త్యాగము చేయువారు తమకు తెలిసి, తమ యిష్టముతో చేయవలెను. దానివలన ఇతరులకు మేలు కలుగవలెను. ఈ తల్లి త్యాగమున ఈ రెండును లేవు. పిడికెడు అన్నము మిగిల్చి ఆమె ఇంటికి ఆదా చేసినది రెండు మూడు రూపాయలు. పదియేండ్లకు ఆ కాలిపుండునకో, కంటి చికిత్సకో, వారమునకు రెండు మూడు మారులు చేయించు రక్తశుద్ధికో ఆ ఇల్లు వెచ్చించునది ఎంతయో అనుభవమున్నవారు ఎరుగుదురు. అన్నము వృథా కాకూడదన్నచో కుండలో పోయు బియ్యమును తగ్గించుట ధర్మము. మిగిలినదానిని ఒక మనిషిలో పోయుట కాదు.

ఈ మాట విన్న కొందరు వెంటనే రోగికి వేరు వంట మొదలుపెట్టుదురు. దానితో ఖర్చు రెండింతలగును. అంగడిలో మధుమేహపు పేరిట అమ్ము బిస్కత్తులు, పొడులు, చక్కెరలేని మిఠాయిలు ఇంటికి వచ్చును. చక్కెర లేకున్నను అందు మైదాయు, నూనెయు లేకపోలేదు. నెలకు వందల రూపాయలు పోసి కొన్న ఆ డబ్బా రోగికి కొంత ఊరట, ఇంటివారికి కొంత తృప్తి నిచ్చును. అంతకు మించి చేయునది స్వల్పము. వేరు వంట మూడు వారములు సాగి ఆగిపోవుట లోకానుభవము. వండు చేతులు రెండే కదా!

అందుచేత ఒక్క కుండ చాలునని మేమందుము. రోగికి తగినది ఇంటిల్లిపాదికిని తగును. తగనిది ఆరోగ్యవంతునకును పెద్దగా మేలు చేయదు. ఈ విషయమున మనము నివసించు నేల మనకు గొప్ప సహాయము చేయుచున్నది. ఇది రాగిసీమ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలు చూడుడు. నూరు గ్రాముల తెల్లబియ్యములో పిండిపదార్థము సుమారు 78 గ్రాములు, పీచు మూడు గ్రాములకు లోపు. అంతే తూకము రాగులలో పిండిపదార్థము సుమారు 67, పీచు 11 గ్రాములు. కాల్షియము 364 మిల్లీగ్రాములు. బియ్యములో ఆ కాల్షియము పది మిల్లీగ్రాములైనను లేదు. కొర్రలు, అరికలు, సామలు నేడు అందమైన సంచులలోనికెక్కి సన్నబియ్యమును మించిన ధర పలుకుచున్నవి. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్య సంవత్సరముగా జరిపిన తరువాత ఆ మోజు ఇంకను హెచ్చినది. శ్యామాకము మహాధనికులకని సుశ్రుతుడన్న మాట ఈ విధముగా నిజమైనది! రాగులు మాత్రము ఇంకను సామాన్యుని అందుబాటులోనే యున్నవి. మండ్యలో లక్ష్మణయ్యగారు మన రాగిని ఆఫ్రికా రాగితో సంకరపరచి ఇండాఫ్ రకములను పుట్టించి దిగుబడిని పెంచిరి. ఆయనను జనులు రాగి లక్ష్మణయ్య యనియే పిలిచిరి. ఆ బిరుదు చాలమంది పొందిన బిరుదులకన్న గొప్పది.

అయినను మన తెలుగువారిలో రాగిపై ఒక చిన్నచూపు కలదు. రాయలసీమవారికి సంగటి ఇంటి అన్నమే. కోస్తానుండి వచ్చినవారికి మాత్రము అది లేనివారి తిండి. ఈ చిన్నచూపునకు చరిత్ర కలదు. మెట్టసీమలలో వరియన్నము పండుగనాటి భోజనముగా నుండిన కాలమును మన తాతలెరుగుదురు. 1983లో ఆంధ్రప్రదేశమున రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినప్పుడు, 2013లో కర్ణాటకమున అన్నభాగ్య పథకముక్రింద రూపాయికి కిలో బియ్యము వచ్చినప్పుడు, పండుగ ప్రతిదినము వచ్చినట్లయినది. ఆ పథకములను మేము నిందింపము. ఆకలిని చూచినవారెవరును నిందింపరు. కాని మూడుపూటల తెల్లయన్నము మర్యాదకు గుర్తనుకొను అలవాటు ఆకలి తీరిన తరువాతను మిగిలిపోయినది.

రాగి మందు కాదని కూడ చెప్పవలెను. అదియు పిండియే. పలుచని జావగా కాచి బెల్లము కలిపి త్రాగినచో రక్తములో చక్కెర త్వరగా పెరుగును; తలకాయంత ముద్దను మ్రింగినచో బియ్యమునకును దానికిని భేదము మిగులదు. పిడికిలి పాటి ముద్ద, దానికి రెండింతలు ఆకుకూరయు పప్పును: ఇది సరియైన పాళము. ఇక్కడివారి బస్సారు, మస్సొప్పు ఈ లెక్కకు సరిపోవు వంటలే. ఉలవలు చౌక; వానిలో నూటికి ఇరువది పాళ్లకు పైగా మాంసకృత్తులున్నవి. చలికాలమున అనపకాయలు వచ్చినప్పుడు పితికపప్పు చేసికొనని తెలుగిల్లు ఈ ప్రాంతమున అరుదు. తోటకూర, మెంతికూర, మునగాకు, గోంగూర ఖరీదైన కూరలు కావు. ముందుగా కూరయు పప్పును తిని, పిమ్మట ముద్దయో అన్నమో తిన్నచో చక్కెర కొంత నెమ్మదిగా ఎక్కునని పరీక్షలలో తేలినది. భోజనమైన పిదప పదిహేను నిమిషముల నడకయు అట్టిదే. ఈ రెంటికిని డబ్బక్కరలేదు. నడుచుటకు తిన్నని కాలిబాట మాత్రము కావలెను. మన ప్రాంతమున అది మందుకన్న దుర్లభము.

ఒక్క కుండ యన్నంతమాత్రమున అందరికి ఒకే కొలత యని అర్థము కాదు. ఎదుగు పిల్లవానికి గ్రుడ్డు, పాలు, రెండవ ముద్ద కావలెను. పండుగనాడు బొబ్బట్టు చేసికొనవలదని కూడ మేమనము, ఏడాదిలో పండుగలెన్ని? వారమునకు నాలుగు దినములు బేకరీకి పోవుటే పండుగకు అపచారము. "ఒక్కటి తింటే ఏమీ కాదులెండి వదినగారూ" అని బలవంతముగా వడ్డించు మర్యాదను మాత్రము మానుకొనవలెను. అది ప్రేమయే, కాదనము. కాని ఆ ప్రేమ ఖరీదును చెల్లించునది వదినగారు.

ఇక సుశ్రుతుడు ఆ ఘట్టము చివర చెప్పిన చిన్నమాట మిగిలినది. చిక్కిపోయినవానిని మాత్రము ఎల్లప్పుడు కాపాడవలెనని ఆయన హెచ్చరించెను. అందరిచేత నడిపించి, దున్నించి, త్రవ్వించిన ఆచార్యుడు ఇతనియెడ మాత్రము చేయి అడ్డుపెట్టెను. పేదలలో ఈ వ్యాధిగ్రస్తులందరు స్థూలకాయులు కారు; ఎముకలగూడువంటివారును కలరు. వారికి తిండి తగ్గింపుమని చెప్పుట అన్యాయము. మాత్రలు గాని ఇన్సులిను సూదిమందు గాని తీసికొనుచు, ఖర్చునకు వెరచియో, ఏకాదశి యనియో పూట మానుకొనువారికి ఇంకొక అపాయము కలదు: చక్కెర మితిమీరి పడిపోవును. మన ద్వారములకడ పండ్రెండు గంటలు రాత్రి కావలి కాయువారిలో ఇట్టివారుందురు. సాయంకాలము మాత్ర వేసికొని, డబ్బాలోని అన్నమును సగమే తిని, తెల్లవారుజామున నాలుగు గంటలకు చెమటపట్టి చేతులు వణకినచో, అతనికి ఆ క్షణమున కావలసినది చక్కెరయే. మూడు నాలుగు చెంచాల చక్కెరను నీళ్లలో కలిపి త్రాగి, పావుగంట ఆగి, పిదప ఏదైనను తినవలెను. స్పృహ తప్పినవాని నోటిలో ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను. బయలుదేరునప్పుడు ఆ చక్కెర పొట్లము చొక్కాజేబులో నున్నదా యని అతనిని అడుగువారు ఇంట నుండకపోవచ్చును. భార్యాబిడ్డలు కదిరిలోనో, మదనపల్లెలోనో ఉందురు. ఆ ద్వారము గుండా దినమునకు నాలుగుమార్లు పోవు మనము ఆ మాట తెలుగులో అడుగవచ్చును.