పేరు అడిగే గేటు

మా కలికిరి, పీలేరు, రాయచోటి వైపు పల్లెల్లో విమానం ఎక్కిన ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎక్కువమంది కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళినవాళ్ళు. విమానాశ్రయం ఎలా ఉంటుందని అడిగితే ముందు కాగితాల సంగతే చెబుతారు. "పేరడగతారు, మొగం జూస్తారు, మళ్లా పేరడగతారు" అని నవ్వింది మా వీధిలో ఒక అక్క. ఇదంతా ప్రయాణికుల భద్రత కోసమేనంటారు. ఆ మాట ఎంతవరకు నిజం?

మన విమానాశ్రయాల్లో తనిఖీ రెండు చోట్ల జరుగుతుంది. గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాను టికెట్నీ గుర్తింపు కార్డునీ పోల్చి చూస్తాడు. లోపల సామాను యంత్రంలోంచి వెళుతుంది, ఆడవాళ్ళని తెర వెనక తడిమి చూస్తారు. మొదటిది నువ్వెవరని అడుగుతుంది, రెండోది నీ దగ్గర ఏముందని. రెండో ప్రశ్నకి సరైన జవాబు దొరికాక మొదటిది ఇంకేం కాపాడుతుంది?

1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేలి 329 మంది చనిపోయారు. బాంబున్న పెట్టెని ఎక్కించినవాడు విమానం ఎక్కనేలేదు. మనిషి ఎక్కకపోతే అతని పెట్టె కూడా ఎగరకూడదన్నది అక్కడి పాఠం. దానికి ఆ మనిషి ఎక్కాడా లేదా అన్నది తెలియాలి, ఇంటిపేరు కాదు. అమెరికాలో దేశీయ ప్రయాణికులని గుర్తింపు కార్డు అడగడం 1996లో టీడబ్ల్యూఏ 800 విమానం పేలాక మొదలైంది. తీరా 2000లో దర్యాప్తు తేల్చింది ఇంధన ట్యాంకు పేలిందని! 2001 సెప్టెంబరు 11న విమానాలు ఎక్కిన 19 మందిలో చాలామంది సొంత పేర్లతోనే ఎక్కారు. కార్డులూ ఉన్నాయి. ఆ తర్వాత నిజంగా పనికొచ్చిన మార్పు పైలట్ గది తలుపుని గట్టిపరచడం. పోలీసులు వెతుకుతున్న పేరైతే కార్డు పట్టిస్తుంది, కాదనను. కానీ ఇంకా ఏ జాబితాకీ ఎక్కనివాడినీ, మరొకరి కార్డుతో వచ్చినవాడినీ అది సలాం కొట్టి పంపిస్తుంది.

ఈ గేటు ఎవరిని ఆపుతుందో చూస్తే నాకు ఇంకో అనుమానం వస్తుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుతుంది, లేదా సగం కార్డుల్లో మారుతుంది. రేషన్ కార్డులో భర్త ఇంటిపేరు, సర్టిఫికెట్లో పుట్టింటిది. మగవాడికి పుట్టినప్పటి నుంచీ ఒకే పేరు. పేరు నిలకడగా ఉండటమే నిజాయితీకి గుర్తు అనుకునే చోట, పేరు మార్చుకొమ్మని మనం నేర్పిన ఆడదానికే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. (నా పెళ్ళిలో ఇంటిపేరు గురించి జరిగిన చర్చ వేరే వ్యాసం.)

కువైట్ వెళ్ళే ఆమెకి ఇంకో గేటు కూడా ఉంది, ఇమిగ్రేషన్. పది పాసు కాకపోతే ఈసీఆర్ పాస్‌పోర్టు. అలాంటి పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్ళాలంటే ఆడవాళ్ళకి ముప్పై ఏళ్ళు నిండాలన్న నిబంధన వచ్చింది, మోసపోకుండా కాపాడడానికట. మగవాడికి ఆ అడ్డు లేదు. దాంతో ఏజెంట్లు వయసు పెంచి పాస్‌పోర్టు చేయించడం, విజిట్ వీసా మీద పంపడం మొదలుపెట్టారు. గేటు దగ్గర కాగితం సరిగ్గానే ఉంటుంది, అబద్ధమైంది వయసే. తీరా అక్కడ కష్టమొస్తే ఆమె ఏ రికార్డులోనూ ఉండదు. కాపాడతామన్న నిబంధనే ఆమెని లెక్కలోంచి తప్పించిందని నా అభిప్రాయం.

పైగా, ఇక్కడ అంత పట్టుబట్టి చూసిన పాస్‌పోర్టుని అక్కడ దిగగానే యజమాని తీసి బీరువాలో పెట్టుకుంటాడు. అలా ఉంచుకోకూడదని కువైట్ 2015లో చట్టం చేసింది. అయినా పాస్‌పోర్టు చేతికి రాక, గడప దాటి పారిపోయిన ఆడవాళ్ళ కథలు మా మండలంలో కొత్తేమీ కాదు. 2018లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అలాంటివాళ్ళు రాయబార కార్యాలయం ఇచ్చిన ఔట్‌పాస్ పట్టుకుని తిరిగొచ్చారు. వాళ్ళ సామాను కూడా అందరి సామానులాగే యంత్రంలోంచి వెళ్ళింది. పాస్‌పోర్టులు మాత్రం ఆ బీరువాల్లోనే ఉండిపోయాయి.