ఎలపల ఎద్దు, దాపల ఎద్దు

కోడుమూరు పక్కన హంద్రి ఒడ్డున ఇద్దరు రైతులుండేవాళ్లు. ఇద్దరి చేన్లకూ మధ్య ఒకటే గట్టు. ఇద్దరికీ చెరో మొండి ఎద్దు. బుడ్డల చేన్లో గుంటక కడితే నాలుగడుగులు సాలులో నడుస్తుంది, అయిదో అడుగు మొక్కల మీద పడుతుంది.

మొదటి రైతు ములుకర్రతో పొడిచినాడు. "కొవ్వెక్కింది, దాణా సగం కొయ్యి" అన్నాడు బావమరిది. పెళ్లాం దిష్టి తీసి మెడకు నల్లతాడు కట్టింది. చివరికి వాతలేసేవాణ్ణి పిలిపించి, కడ్డీ కాల్చి వీపు మీద మూడు గీతలు పెట్టించినాడు. వాత పుండయింది కానీ నడక మారలేదు. అయినా రెండో రైతు తన ఎద్దుకూ కడ్డీ కాల్చమన్నాడు. పక్కోడు చేసినాడు కదా!

మేకలు తోలుకుపోతున్న ముసలాయన గట్టు మీద ఆగినాడు.

"కడ్డీ యాడికీ పోదులే అల్లుడా. ముందు ఇది చెప్పు. దూడప్పట్నుంచీ ఇంతేనా?"

"దూడప్పట్నుంచీ ఇంతే మామా. బండికి కట్టినా అంతే. కొట్టంలో కట్టేసినా కాలు నిలవదు."

"నీదో?" అని మొదటి రైతునడిగినాడు.

"నాది పోయిన కార్తీకం నుంచి. బండికి దాపల కడతా, బాగానే పోతాది. గుంటకకు ఎలపల కడితేనే ఈ తిక్క."

ముసలాయన దాని కుడి కన్ను ముందర చెయ్యి ఆడించినాడు. రెప్ప పడలేదు. కంట్లో సన్నటి పువ్వు. ఎలపల, అంటే కుడివైపు కడితే దానికి ఆ పక్క ఏమీ కనపడదు. దాపల, అంటే ఎడమవైపు కడితే జోడెద్దు దారి చూపిస్తుంది.

రెండో ఎద్దు కన్ను, చెవి, గిట్ట అన్నీ చూసినాడు. ఏ లోపమూ లేదు. "దీని తీరే ఇంత. సాలు పొట్టిగా తోలు, చల్లపూట పని తీసుకో, సాలు చివర నిలిపి మెడ నిమురు" అని చెప్పి మేకల వెంట పోయినాడు. ఆ ఏడు గుంటకలు అయిపోయేసరికి అది సాలు తప్పడం తగ్గింది. పూర్తిగా మానలేదు. మొదటి ఎద్దు వీపు మీద గీతలు మాత్రం అట్లే ఉండిపోయినాయి.

నీతి: పైకి కనపడే తప్పు ఒకటే అయినా దాని వెనక కారణాలు వేరు. వాత కన్నా ముందు విచారణ.

పిల్లోడు ఎద్దు కాదు, నిజమే. కానీ "మీవోడికి ధ్యాస లేదమ్మా" అని బడి నుంచి కబురొస్తే ఇంట్లో మొదలయ్యే వరస ఇదే: దెబ్బలు, ఫోను గుంజుకోవడం, తాయెత్తు, ట్యూషను. ధ్యాస, కుదురు నిలవని ఇబ్బందికి డాక్టర్లు పెట్టిన ఏడీహెచ్‌డీ అనే మాట విన్నవాళ్లయితే ఎవరినీ అడక్కుండానే ఆ పేరు తగిలిస్తారు. అదీ ఒక రకం వాతే.

ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. డాక్టరు చేసేది చాలావరకు ఆ ముసలాయన చేసిందే. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం సవరించిన ప్రమాణాల్లో పరధ్యాసకు తొమ్మిది లక్షణాలు, కుదురులేనితనానికి తొమ్మిది ఉన్నాయి. పిల్లల్లో ఏదో ఒక వరసలో కనీసం ఆరు ఉండాలి. అవి పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి, ఆరు నెలలకు తగ్గకుండా సాగాలి, ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనపడాలి. బడిలో మాత్రమే కనపడితే ఇంకో కారణం వెతకాలి. బోర్డు ఆనకపోవడం, చెవి సరిగా వినపడకపోవడం, రక్తహీనత, నిద్ర చాలకపోవడం, అక్షరాలు పట్టుబడని ఇబ్బంది, క్షణాల పాటు చూపు నిలిచిపోయే ఒక రకం మూర్ఛ, వీటిలో ఏదైనా కావచ్చు. మన వైపు ఇంకోటుంది. అమ్మానాయనలతో మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి పోయి, నెలల తరబడి బడి మానిన పిల్లోడికి పాఠం అందకపోతే అది జబ్బా?

అల్లరి చేసేవాణ్ణి అందరూ గమనిస్తారు. కిటికీ పక్కన నోరు మెదపకుండా కూర్చుని, సగం లెక్క రాసి మరిచిపోయే ఆడపిల్లను ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకుపోరు. నన్నడిగితే ముందు ఆ పిల్ల గురించే ఆలోచించాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్లో వెతకాల్సిన జబ్బుల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. బడికి ఆరోగ్య బృందం వచ్చినరోజు బరువు, పళ్లతో పాటు దీన్నీ అడగొచ్చు. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని ఇంట్లో పెద్దోళ్లు అడ్డం పడితే, ముందు 14416కు ఫోన్ చేయొచ్చు. అది మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలిమానస్, డబ్బులు పడవు.

ఏడీహెచ్‌డీ అని తేలినా అందరికీ మాత్రలే ఇవ్వరు. ఆరేళ్లలోపు పిల్లలయితే మొదట అమ్మానాయనలకే శిక్షణ. పెద్దపిల్లలకు అవసరమైతే డాక్టరు మందు రాస్తారు. దాంతోపాటు పని చిన్న చిన్న ముక్కలుగా ఇవ్వడం, బాగా చేసిన వెంటనే మెచ్చుకోవడం కూడా వైద్యమే.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు పాత నోటుబుక్కులు, మార్కుల కార్డులు తీసుకుపోండి. టీచరును ఒక చీటీ అడగండి. అందులో "అల్లరోడు" అని రాస్తే పనికిరాదు. "ఎన్ని నిమిషాలు కూర్చుంటాడు, ఏ పాఠంలో లేస్తాడు, పిలిస్తే ఎన్నోసారికి పలుకుతాడు" అని రాయించుకోండి.