చూచువారి ధర్మము

చూచుటయందు దోషమేమి యని లోకులు ప్రశ్నింతురు. పరుల సొమ్ము హరించుట దోషము. పరులను దూషించుట దోషము. దూరముననుండి యొక ప్రాణిని గాంచి సంతోషించువాడు ఎవరికి నపకారము చేయుచున్నాడు? ఈ ప్రశ్న పైకి సులభముగా దోచును గాని, విచారించినకొలది చిక్కులు బయలుపడును. ఒక పక్షి వృత్తాంతము నాధారముగా గొని దీనిని పరిశీలింతము.

ఉత్తరధ్రువ సమీపమున, చెట్లులేని చలిమైదానములలో తెల్లగూబ యను పక్షి నివసించును. రెక్కలు చాచినచో నించుమించు అయిదడుగుల వెడల్పుండును. మన పెద్దలు గుడ్లగూబకు దివాంధమని పేరిడిరి. ఈ పక్షికి ఆ పేరు చెల్లదు. ధ్రువప్రాంతమున వేసవియందు సూర్యుడు అస్తమింపడు గావున నిది పట్టపగలును వేటాడును. లెమ్మింగులను ఎలుకవంటి చిన్న జంతువులు దీనికి ముఖ్యాహారము. అవి విస్తారముగా నున్న యేట గూబలు ఎక్కువ పిల్లలను జేయును. ఆ శీతకాలమున లేతగూబలు పెక్కులు దక్షిణమునకు దిగివచ్చును. ఆకటిచే మాడి వచ్చునని పూర్వులు తలచిరి. పట్టి తూచి చూడగా పెక్కులు పుష్టిగానే యున్నట్లు తేలినది. చదునైన సముద్రతీరము వాటికి పుట్టినచోటును బోలియుండును. 2013–14 శీతకాలమున అమెరికా తూర్పుతీరమునకు ఇవి అసాధారణమైన సంఖ్యలో వచ్చినవి.

న్యూయార్కు చెంతనున్న జోన్సు బీచి, మసాచుసెట్సులోని ప్లమ్ ద్వీపము మొదలగు తీరములకు వీనిని వెదకుచు జనులు దుర్భిణులతో, కెమెరాలతో పోవుదురు. చలిగాలిలో ఇసుకపై నడచి నడచి, ప్రతి తెల్లని కొయ్యను గూబయని భ్రమసి, తుదకు ఒక తెల్లనిముద్ద తల త్రిప్పి పసుపుపచ్చని కన్నులతో జూడగా పొందు నానందము సామాన్యము గాదు. దానిని మేము నిందింపము.

అయినను గూబపక్షమున నాలోచింపవలదా? పగటివేళ నది చాలసేపు కదలక కూర్చుండుట సోమరితనము గాదు. శీతకాలమున బలమును నిలుపుకొను నుపాయము. వచ్చిన ప్రతివాడును "ఇంకొక్క యడుగు" అని సమీపించినచో నది లేచిపోవును. ఎగిరినదానిని కాకులు తరుమును. ఒక్కొక్కని తప్పు అడుగెడే. గూబకు మాత్రము విశ్రాంతి దినమంతయు నశించును. పలువురు పంచుకొన్న యపరాధము ఎవరికిని బరువుగా దోపదు. లోకమునందలి పెక్కు అన్యాయములు ఇట్లే సాగుచున్నవి.

అట్లని చూడనే కూడదనుట సరిగాదు. 2013 డిసెంబరులో న్యూయార్కు కెనెడీ విమానాశ్రయమున, విమానములకు ప్రమాదమని మూడు తెల్లగూబలను గాల్చి చంపిరి. ప్రజలు తీవ్రముగా నాక్షేపింపగా, అధికారులు వానిని పట్టి దూరమున విడుచు పద్ధతి నవలంబించిరి. బోస్టను విమానాశ్రయమున నార్మన్ స్మిత్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1981లోనే ఆరంభించిన పద్ధతి యదియే. చూచి ప్రేమించినవారు లేకున్న ఆ మూడు గూబలకై నోరెత్తువారెవరు? దర్శనమే దయకు బీజమైనది.

ఇక రెండవ చిక్కు. జ్ఞానమును దాచరాదని సంస్కారప్రియులము ఘోషించుచున్నాము. మరి గూబ యున్న తావును దాచుట న్యాయమా? న్యాయమే యని మా యభిప్రాయము. గూబజాతి స్వభావమును, జీవనమును దెలుపుట జ్ఞానదానము. ఫలానా దిబ్బపై నిపుడు కూర్చున్నదని ఊరెల్ల జాటుట ఒక నిస్సహాయప్రాణి జాడను బట్టియిచ్చుట. మొదటిదానిని దాచినవాడు లోభి. రెండవదానిని దాచినవాడు కాపరి. 2017లో ఈ జాతిని ముప్పునకు లోనైనవానిలో జేర్చినందున, ఈ వివేకము మరింత యవసరము.

మనదేశమున గూబను జూచు దృష్టి వేరు. ఇంటిపై గూసినచో అశుభమని భయపడి రాళ్లు రువ్వువారు నేటికిని గలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము రక్షణ మిచ్చుచున్నను, మంత్రతంత్రములకై, దీపావళినాటి బలులకై గూబలను పట్టి యమ్ముచున్నారని 2010లో ట్రాఫిక్ అను సంస్థ ప్రకటించిన నివేదిక దెలుపుచున్నది. పొలములో ఎలుకలను దిని రైతునకు మేలుచేయు పక్షికి మనమిచ్చు ప్రతిఫలమిది! అచ్చట ఛాయాచిత్రమునకై తరుముట, ఇచ్చట శకునమునకై తరుముట. రెండింటను గూబ మన కోరికకో భయమునకో పనిముట్టే. క్రౌర్యమున భేదము గలదు గాని, దాని బ్రతుకు దానిదని యెంచకుండుట సమానము. కావున మూఢవిశ్వాసము విడిచినంతమాత్రమున ధర్మము సిద్ధింపదు.

చూచువారికి మేము విన్నవించు నియమ మొక్కటే. మనము వచ్చునప్పటికి ఆ ప్రాణి యెచ్చట, ఎట్లున్నదో, మనము మరలిపోవునప్పుడును అచ్చటనే, అట్లే యుండవలెను. ఇంటి పెరటిచెట్టుమీద గూబ వ్రాలినపుడు, తల్లులు పిల్లల చేతిలోని రాతిని దింపించి, శబ్దము సేయక చూడుమని నేర్పుదురుగాక. ఈ పాఠమునకు సముద్రతీరము దాక పోనక్కరలేదు.