చదువు బాకీ ఎవరిది?

మనిషి మూడు అప్పులతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. దేవతల అప్పు యజ్ఞంతో, పితరుల అప్పు సంతానంతో, ఋషుల అప్పు చదువుతో తీరాలి. బ్రాహ్మణుణ్ని ఉద్దేశించిన ఆ మాట క్రమంగా అందరికీ చెందిన భావనగా పెరిగింది. ఒకప్పుడు చదువుకుంటే అప్పు తీరేది. ఇప్పుడు చదువుకోవాలంటేనే అప్పు చేయాలి.

బాసర జ్ఞాన సరస్వతి గుడిలో పలక మీద అక్షరం దిద్దిన పిల్లల్లో కొందరు పాతికేళ్లు నిండకముందే ఎం.ఎస్. కోసం డాలస్‌కో చికాగోకో వెళ్తున్నారు. గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడికి జీతం కాగితం ఉంటుంది, బ్యాంకు వింటుంది. ఆదిలాబాద్ పత్తి రైతుకు, జగిత్యాల నుంచి దుబాయి వెళ్లి కూలి చేసే తండ్రికి అలాంటి ఆధారం చూపడం కష్టం. అందుకే ఒకే చదువుకు మూడు చోట్ల అప్పు పుడుతుంది: కొంత బ్యాంకులో, కొంత ఫైనాన్స్ కంపెనీలో, మిగిలింది ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు మిత్తికి రెట్టింపు దాటుతుంది.

ఇంతకీ ఈ బాకీ ఎవరిది? కొడుకు చేసిన అప్పును తండ్రి తీర్చనక్కర లేదని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతూ, కుటుంబం కోసం చేసినదైతే తీర్చాలని మినహాయింపు పెట్టింది. ఆ స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల రాజధానిలో ఉన్నవాడు. కల్యాణి తెలంగాణకు దూరమేమీ కాదు, నేటి బీదర్ జిల్లాలోనే ఉంది. పదమూడో శతాబ్దంలో కేతన ఆ ధర్మాన్ని 'విజ్ఞానేశ్వరీయం'గా తెలుగులోకి తెచ్చాడు. తండ్రి అప్పు కొడుకు తీర్చడం పుణ్యకార్యమన్న కట్టుబాటు కూడా అదే సంప్రదాయానిది. ఆ ఒక్క కారణంతో తండ్రి చేసిన కొత్త అప్పును కొడుకు దగ్గర రాబట్టడం కుదరదని 2005 సెప్టెంబరు 9 నుంచి హిందూ వారసత్వ చట్టం స్పష్టం చేసింది.

నేటి బ్యాంకు ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి తల్లిదండ్రులనూ సహ రుణగ్రహీతలుగా సంతకం చేయమంటుంది. మరి చదువు కుటుంబం కోసమా, పిల్లవాడి కోసమా? ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఈ ప్రశ్న అడగడమే వింతగా ఉంటుంది. బిడ్డ చదివితే ఇల్లంతా గట్టెక్కుతుందన్న నమ్మకంతోనే తండ్రి పొలం పాస్‌బుక్ తీస్తాడు. కాబట్టి బాకీ ఇద్దరిదీ. అయితే ఎంత మిత్తి పడుతోందో, ఎప్పుడు పెరుగుతుందో కనుక్కునే బాధ్యత మాత్రం చదువుకున్నవాడిదే.

2022 మే 4న రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పు మీది వడ్డీని, అంటే రెపో రేటును, 4 నుంచి 4.40 శాతానికి పెంచింది. 2023 ఫిబ్రవరికి అది 6.50కు చేరింది. మారే వడ్డీ (ఫ్లోటింగ్) మీద ఉన్న 20 లక్షల అప్పుకు ఆ రెండున్నర శాతం మొత్తం పడితే, పదేళ్ల కిస్తు నెలకు సుమారు 2,800 రూపాయలు పెరుగుతుంది. కొన్ని చోట్ల కిస్తు కదలకుండా గడువు పెరిగింది, దాంతో చాలామందికి తెలియనే లేదు. గడువు పెంచాలా, కిస్తు పెంచాలా, స్థిర వడ్డీకి మారాలా అన్నది ఎంచుకునే వీలు అప్పు తీసుకున్నవాడికి ఇవ్వాలని 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

అమెరికాలో ఇలాంటి పెంపు 2006లో కనిపించింది. అప్పటి ప్రభుత్వ విద్యా రుణాల మీద వడ్డీ ఏటా జూలై 1న మారేది. ఆ ఏడాది తీర్చే దశలో ఉన్న రుణాలకు 5.30 నుంచి 7.14 శాతానికి పోయింది. అంతకుముందే వేర్వేరు అప్పులను ఒకటిగా కలిపి స్థిర వడ్డీకి మార్చుకున్నవాళ్లు ఆ పెంపు తప్పించుకున్నారు.

మన ఊళ్లలో ఆ పని చేయడానికి చాలామంది పెద్దలు వెనుకాడతారు. ఒకరి దగ్గర తీసుకున్న అప్పును ఇంకొకరి దగ్గరికి మార్చడం మాట తప్పడంలా అనిపిస్తుంది. ఆ సంకోచం వెనక నిజాయితీ ఉంది, దాన్ని గౌరవించాలి. కానీ ధర్మశాస్త్రం అలా అనలేదు. తీర్చలేనివాడు పడిన వడ్డీ కట్టి పత్రాన్ని కొత్తగా రాసుకోవచ్చని మనుస్మృతి అనుమతించింది, అది అప్పిచ్చినవాడి దగ్గరే అయినా. ఒకేసారి తీసుకునే వడ్డీ అసలును మించకూడదనీ చెప్పింది. కష్టంలో ఉన్నవాడికి వెసులుబాటు వచ్చేదాకా గడువివ్వమని ఖురాన్ రెండో అధ్యాయం ఆదేశిస్తుంది, బాకీ రాసుకోమని ఆ వెంటనే చెబుతుంది. రెండు దారుల్లోనూ తీర్చడమే ధర్మం, అవసరానికి మించి మిత్తి కట్టడం కాదు.

తొందరపడి అన్నీ కలిపేయడం కూడా తప్పే. దేశంలో చదువుకు కేంద్ర వడ్డీ రాయితీ ఉన్న అప్పును కదిలిస్తే ఆ లాభం పోవచ్చు. ఊళ్లో వడ్డీ వ్యాపారి అప్పుకు ఆదాయపు పన్నులో విద్యా రుణ వడ్డీ మినహాయింపు ఎలాగూ రాదు, కాబట్టి ముందుగా తీర్చవలసింది దాన్నే. వ్యక్తులు తీసుకున్న మారే వడ్డీ అప్పును ముందే తీర్చినా జరిమానా వేయకూడదన్న నిబంధన ఉంది.

2025లో రెపో రేటు మళ్లీ దిగింది, జూన్‌కే 5.50కి వచ్చింది. దిగిన రేటు మళ్లీ ఎక్కదన్న హామీ ఎవరూ ఇవ్వరు. విదేశాల్లో ఉన్న పిల్లలు ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్న సంతకం చేసిన ప్రతి కాగితం ఫొటో పంపమని అడగాలి, ఊళ్లో చేసిన చేబదులు చిట్టీతో సహా.