చేప జాడ ఎరిగినవాడు

గోదావరికి ఎఱ్ఱనీరు దిగు దినములలో రావులపాలెము చుట్టుపట్ల పులస వెల అడుగనివారుండరు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని మన ప్రాంతపు సామెత. సముద్రములో నున్నంతకాలము అది ఇలస. గ్రుడ్లు పెట్టుటకై వరదనీటికి ఎదురీది గౌతమిలోనికి, వసిష్ఠలోనికి వచ్చిన పిమ్మట పులస యగును. ధవళేశ్వరము ఆనకట్ట దాని దారికి అడ్డు. కనుక ఏ నెలలో, ఏ పాయలో వల వేయవలెనో మన పెద్దలకు ఏ పటమును చూడకయే తెలియును. ఆ తెలివిచేతనే గ్రుడ్లతోనున్న చేప వలలో పడుచున్నది. రానురాను చేప తగ్గుచున్నది, వెల పెరుగుచున్నది. ఒక ప్రాణి ఎక్కడ నుండునో ఎరిగినవానికి దానిని పట్టుకొను హక్కు మాత్రమే వచ్చునా? దానిని విడిచిపెట్టవలసిన భారము కూడ వచ్చునా?

ప్రియ సహోదరులారా, ఈ ప్రశ్న నేడు నదిని దాటి సముద్రమునకు వ్యాపించినది. సముద్రపు గాలి సోకని హైదరాబాదులో ఇన్‌కాయిస్ అను కేంద్రప్రభుత్వ సంస్థ 1999లో ఏర్పడినది. ఉపగ్రహములు పైనుండి సముద్రజలము యొక్క వేడిమిని, రంగును కొలుచుచున్నవి. రంగునుబట్టి, కంటికి కనబడని సూక్ష్మమైన మొక్కలు ఎక్కడ దట్టముగా నున్నవో తెలియును. మేత యున్నచోటికి చిన్నచేప, చిన్నచేప యున్నచోటికి పెద్దచేప చేరును గదా! ఈ లెక్కలతో పటము గీచి, ఫలాని రేవునుండి ఫలాని దిక్కున, ఇంత దూరమున, ఇంత లోతున చేపలు దొరకవచ్చునని వేటగాండ్రకు ఉచితముగా తెలియజేయుచున్నారు. అప్పుచేసి డీజిలు పోయించుకొని వట్టిచేతులతో తిరిగివచ్చువాని యింటిలో ఇది చిన్న మేలు కాదు. దీనిని నిందించువాడు ఆ యింటి గడప తొక్కి యెరుగడు.

కాని అందరి చేతిలోను అదే పటమున్నయెడల చేప దాగుకొనుటకు చోటెక్కడ?

ఇట్టిది పూర్వమొకసారి జరిగినది. అమెరికా నౌకాదళమునకు చెందిన మాథ్యూ మోరీ అను ఆయన వేట ఓడల దినచర్య పుస్తకములను సమకూర్చి, ఏ సముద్రమున, ఏ కాలమున తిమింగిలములు కనబడునో చూపు పటమును 1851లో ప్రకటించెను. అది వేటగాండ్రకు ఉపకరించుటకే. 1935లో చార్లెస్ టౌన్‌సెండ్ అను మరియొకడు అట్టి ఓడల పుస్తకములనుండియే మరల పటములు గీచెను. నేడు తిమింగిలములను కాపాడువారు, పూర్వము అవి ఎక్కడెక్కడ సంచరించెనో తెలిసికొనుటకు ఆ పటములను తెరచి చూచుచున్నారు. చంపినవాని పద్దు పుస్తకమే కాపాడువానికి ఆధారమైనది!

మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరబోట్ల వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని దానికి కారణము. ఆ దినములలో హైదరాబాదు కేంద్రము చేపల జాడ చెప్పుట మానును. చెప్పగలిగియు చెప్పక ఊరకుండుట! ఆ పటములన్నిటికంటె ఈ మౌనమే నాకు గొప్పదిగా తోచుచున్నది.

లెక్కించుటలో రెండు విధములున్నవని వాక్యము చదువువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. దావీదు జనసంఖ్య వ్రాయించినప్పుడు, కఠినుడైన యోవాబు సహితము వలదనెను. లెక్కకు వచ్చినవారు కత్తి దూయువారు; తన బలమెంతయో చూచుకొనుటకు చేసిన లెక్క అది. యోసేపు రాబోవు కరవును తలంచి, సమృద్ధి యేండ్లలో పంటలో ఐదవభాగము కూర్పించెను. దీనిని మెచ్చుకొందుము, మెచ్చుకొనవలసినదే. అయితే ఆదికాండము 47వ అధ్యాయమును మన ప్రసంగములలో తరచుగా దాటిపోవుదుము. అక్కడ ఆకలిగొన్న జనులు మొదట పశువులను, పిమ్మట పొలములను, తుదకు తమ్మును తామే ఫరోకు అమ్ముకొనిరి. ధాన్యము వారి ప్రాణములను కాచినది. కాని లెక్క పుస్తకమును కొట్టు తాళమును ఒకే చేతిలో నుండెను.

సముద్రమును కాపాడుదుమని పటముమీద గీత గీయువారు ఈ అధ్యాయమును కూడ చదువవలెను. ఆ 61 దినముల పస్తు ఏ ఉపగ్రహమునకును కనబడదు. మన రాష్ట్ర ప్రభుత్వము నిషేధకాలమునకిచ్చు సహాయమును 2025లో 10,000 రూపాయలనుండి 20,000 రూపాయలకు పెంచినది. మంచిదే. అయినను రెండు నెలల సంసారమునకు అదెంత? గాలి మర్మమును, నీటి వాలును తాతనాటినుండి ఎరిగిన వేటగానిని అడుగకుండ గీచిన గీత, చేపకు మేలు చేసినను అతనికి అన్యాయమే చేయును.

ఇక మన మాట. మాకు వల లేదు, పడవ లేదు, సముద్రముతో మాకేమి అని రావులపాలెములో అరటితోట గల రైతు అనవచ్చును. వేరొక పటము ఆయనకు చూపవలసియున్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు ఉపగ్రహ చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి సరిచూచి, 2004లో ఒక లెక్క ప్రకటించిరి. 1976 మొదలు 2001 వరకు గల 25 ఏండ్లలో గోదావరి డెల్టా అంచున నికరముగా 1,836 హెక్టార్లు, అనగా సుమారు 4,500 ఎకరముల నేల, సముద్రములో కలిసిపోయినది. నదిమీది ఆనకట్టలు, జలాశయములు ఒండ్రును పట్టియుంచుటచేత అది సముద్రతీరమునకు చేరకపోవుటయే దీనికి ముఖ్యకారణమని వారు చెప్పిరి. ఒండ్రు చేరనిచోట అల నేలను కోయును. నీటిని నిలిపి మన పొలములకు మళ్లించిన పనియే ఒండ్రునుకూడ నిలిపినది. కాటన్ దొర విగ్రహమునకు పూలదండ వేయునప్పుడు మనము తలంచని సంగతి ఇది. దీనిలో దోషి ఎవరని వెదకిన ఒక్కని పేరు దొరకదు. నీరు త్రాగిన ప్రతి చేనును అందులో పాలిదే.

అట్టి పటమొకటి మన సంఘపు గోడమీద తగిలించినయెడల, అంతర్వేది వైపునుండి ఆరాధనకు వచ్చిన సహోదరుడెవరైనను దానిమీద వ్రేలుపెట్టి, తన తండ్రి నాటి ఒడ్డు ఎంతవరకుండెనో మనకు చూపగలడు.