అగ్నులు చెప్పిన పాఠము – ఆచార్యుని ఋణము

దానములన్నింటను విద్యాదానము శ్రేష్ఠమని పెద్దలు చెప్పుదురు. అయితే ఇచ్చినంత మాత్రమున ఈ దానము పూర్తికాదు. ఇచ్చినది పుచ్చుకొనువానికి చేరినదా లేదా యని చూచుట కూడ దాత ధర్మమే. నేడు పాఠము చెప్పు పనిలో కొంత భాగమును యంత్రములు స్వీకరించుచున్నవి. తరగతిగోడ మీది తెర బొమ్మలతో పాఠము చూపుచున్నది. చేతిలోని ఫోను అడిగిన ప్రశ్నకు క్షణములో సమాధానమిచ్చుచున్నది. ఇట్టి తరుణమున ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. పాఠమును యంత్రము చెప్పినప్పుడు, విద్యార్థి యెడల ఉపాధ్యాయునికిని, పాఠశాలాధిపతికిని గల ఋణము తీరినట్లేనా?

ఛాందోగ్యోపనిషత్తునందు ఉపకోసలుని కథ కలదు. అతడు సత్యకామ జాబాలుని యొద్ద పండ్రెండు సంవత్సరములు బ్రహ్మచారియై గురువు అగ్నులను సేవించెను. గురువు తక్కిన శిష్యులకు సమావర్తనము చేసి ఇండ్లకు పంపెను. ఉపకోసలుని మాత్రము పంపలేదు. శ్రద్ధగల ఈ బాలునికి ఉపదేశింపుమని ఆచార్యపత్ని చెప్పినను, ఏమియు చెప్పకయే ప్రయాణమై పోయెను. బాలుడు మనోవ్యథతో అన్నము మానెను. ఏల భుజింపవని అడిగినది ఆ తల్లియే. అంతట అగ్నులు తమలో తాము ఆలోచించుకొని, అతనికి విద్యను ఉపదేశించినవి. తుదకు, తాము చెప్పవలసినది చెప్పితిమనియు, మిగిలిన మార్గమును ఆచార్యుడే చెప్పుననియు పలికి ఊరకుండినవి.

గురువు తిరిగివచ్చి శిష్యుని ముఖమందలి వర్చస్సును చూచెను. నీకు బోధించినవారెవరని అడిగెను. బాలుడు తడబడి, సగము దాచి సగము తెలుపుచు అగ్నులను చూపెను. గురువు కోపగింపలేదు. అవి నీకేమి చెప్పినవని ప్రశ్నించెను. అంతయు విని, కొరవడినదానిని తానుపదేశించెను.

అగ్నులు దేవతలు, యంత్రము జడము. పోలిక ఇంతవరకే. అయినను దేవతలే శేషమును ఆచార్యునికి విడిచినప్పుడు, జడమైన యంత్రము సర్వమును చెప్పజాలదని వేరుగ చెప్పనేల? ఇది కైముతికన్యాయము. ఇందు మరియొక సూక్ష్మము కలదు. అగ్నులకు తమ హద్దు తెలియును, యంత్రమునకు తెలియదు. తెలిసినదానిని, తెలియనిదానిని ఒకే ధీమాతో అది పలుకును. కావున హద్దు నెరుగవలసిన భారము గురువు మీదనే పడుచున్నది.

అట్లని యంత్రమును నిందించుట కూడ ధర్మము కాదు. వ్రాతప్రతిని చూచి చదువువానిని పాణినీయశిక్ష ఆరుగురు అధమపాఠకులలో ఒకనిగా లెక్కించినది. అయినను తాళపత్రమే లేకున్నచో ఎన్ని భాష్యములు మనవరకు వచ్చియుండెడివి? దోషము పత్రమునందు లేదు. కంఠమును చేరవలసిన విద్యను పత్రమునందే విడిచిన సోమరితనమునందున్నది.

మన దేశమునకు ఈ యనుభవము క్రొత్తది కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, ఆంధ్రప్రదేశముతో కూడ ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా దూరదర్శన కార్యక్రమములు అందినవి. వానిలో బడిపిల్లలకు ఉద్దేశించినవియు కలవు. 2020లో కరోనా వ్యాధి వలన బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి ప్రసారములు తెలుగు బిడ్డలకు పాఠములు వినిపించినవి. పాఠము ఆకాశమున అందరికి సమానముగనే వచ్చినది. కాని టీవీయో ఫోనో ఉన్న యింటి బిడ్డ వినెను. లేని యింటి బిడ్డ వెనుకబడెను. ఆ బిడ్డ యింటి తలుపు తట్టవలసినవాడు ఉపాధ్యాయుడే. సాంకేతికోపకరణము మానవ సాన్నిధ్యమునకు తోడు కావలెనే గాని దాని స్థానమును ఆక్రమింపరాదని 2023లో యునెస్కో సంస్థ వెలువరించిన ప్రపంచ విద్యా నివేదిక కూడ చెప్పినది.

ఇక పాఠశాలాధిపతి కర్తవ్యమేమి? పదివేలమంది శిష్యులను అన్నాదులతో పోషించుచు విద్య నేర్పువానిని కులపతి యని పూర్వులు నిర్వచించిరి. భారతారంభమున నైమిశారణ్యమందలి శౌనకునికి ఈ బిరుదు కలదు. ఈ నిర్వచనమున పోషణము, అధ్యాపనము విడివడలేదు. కావున కంప్యూటర్లను స్టాకు రిజిస్టరున ఎక్కించి, గదికి తాళము వేసి, లెక్క సరిపోయినదని తృప్తిపడు ప్రధానోపాధ్యాయుడు వస్తువులను రక్షించినాడే గాని విద్యను రక్షింపలేదు. తెర ముందు పిల్లలను కూర్చుండబెట్టి తాను వేరొక పనికి పోవు ఉపాధ్యాయుడు, శిష్యుని విడిచి ప్రయాణమైన సత్యకాముని వంటివాడే. సత్యకాముడు తిరిగివచ్చి అడిగెను, ఇతడును అడుగవలెను. యంత్రము మిగిల్చిన గంట వెనుకబడిన బిడ్డకు చెందవలెను. నెరసిన తలగల ఉపాధ్యాయుడు క్రొత్త యంత్రమునకు వెరచినచో, అధిపతి తానే ముందుగ చిన్నవారి యొద్ద కూర్చుండి నేర్చుకొనవలెను. అందు చిన్నతనమేమియు లేదు.

నేటి బాలుడును యంత్రము చెప్పిన సమాధానమును వ్రాసి తెచ్చి, ఎవరు చెప్పిరనగా తడబడును. అతనిని దండించుట సులభము. అది నీకేమి చెప్పినది నాయనా యని దగ్గర కూర్చుండబెట్టుకొని అడుగుట కష్టము. ఆ ప్రశ్న నడుగువాడున్నంతవరకు పాఠశాలలో ఎన్ని యంత్రములున్నను భయము లేదు. అన్నము తినని బిడ్డను గుర్తించు ఆ తల్లి చూపు, మిగిలినదానిని పూరించు ఆ గురువు మాట – ఈ రెండును ఏ పాఠశాలలో నిలుచునో, అచట విద్యాదానము సంపూర్ణమగును.