వేలిముద్ర – విశ్వాసం

మన పల్లెల్లో ‘వేలిముద్రగాడు’ అన్నది ఒకప్పుడు చులకన మాట. సంతకం చేయడం రానివాడని దాని అర్థం. కాలం తమాషా చూడండి: నేడు ఇంజనీరూ, డాక్టరూ, తాపీమేస్త్రీ అందరమూ వేలిముద్రగాళ్లమే. 2019 నుంచి ఖతార్‌కు ఉద్యోగానికి వచ్చేవారు హైదరాబాదులోని వీసా కేంద్రంలోనే వేలిముద్రలిచ్చి బయలుదేరుతున్నారు. దోహా విమానాశ్రయంలోని ఈ-గేటు మన మాట వినదు. మన దేహాన్ని చూసి దారి ఇస్తుంది. వరుసలో నిలబడే బాధ తగ్గింది, దొంగ పాస్‌పోర్టుతో దాటడం కష్టమైంది. ఈ మేలును కాదనలేం.

అయితే ఒక ప్రశ్న మిగిలి ఉంది. యంత్రం ‘ఇతడు అతడు కాదు’ అన్నప్పుడు మనం ఎవరిని నమ్మాలి?

నిజానికి యంత్రానికి మనిషి తెలియడు. లోగడ దాచుకున్న రేఖలకూ ఇప్పుడు చూసిన రేఖలకూ పోలిక ఎంతో లెక్కగడుతుంది. ఆ పోలిక ఒక హద్దు దాటితే ‘ఔను’, దాటకపోతే ‘కాదు’. హద్దు పెంచితే అసలువాడు బయట నిలబడిపోవచ్చు. తగ్గిస్తే నకిలీవాడు లోపలికి రావచ్చు. ఆ హద్దు నిర్ణయించేది యంత్రం కాదు, మనుషులే. సిమెంటు పనిలో వేళ్లు అరిగినవారికీ, వయసు మీరినవారికీ రేఖలు సరిగా పడవు. అంటే ఒళ్లు వంచి పనిచేసినవాడినే యంత్రం ఎక్కువగా శంకిస్తుందన్నమాట!

పోనీ, ‘ఔను’ అన్నప్పుడైనా పూర్తిగా నమ్మవచ్చా? 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒకతను భూముల రిజిస్ట్రేషను దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, వాటితో ఊరూ పేరూ తెలియనివారి మీద సిమ్ కార్డులు తీశాడు. తాళంచెవి పోతే తాళం మార్చుకుంటాం. వేలిముద్ర పోతే వేలు మార్చుకోగలమా?

సుందరకాండలో సీతమ్మ హనుమంతుణ్ణి వెంటనే నమ్మలేదు. సన్యాసి వేషాన్ని నమ్మి ఒకసారి మోసపోయిన తల్లి కదా! రాముడి దేహలక్షణాలు చెప్పమంది. హనుమంతుడు చెప్పాడు, ఆపైన ఉంగరం ఇచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఆమె చూడామణి ఇచ్చి, తమ ఇద్దరికే తెలిసిన కాకి కథను కూడా ఆనవాలుగా చెప్పి పంపింది. దేహం, చేతిలోని వస్తువు, మనసులోని రహస్యం: ఒక్క గుర్తు మీదనే ఆధారపడవద్దని నేటి భద్రతా నిపుణులు చెప్పేదీ ఇదే. అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. ఆమె అనుమానించింది, కాని ఎదుటివాడికి రుజువు చేసుకునే అవకాశం ఇచ్చింది. అనుమానం తప్పు కాదు; జవాబు చెప్పనివ్వకపోవడం తప్పు.

2018 సెప్టెంబరు 26న ఆధార్ కేసులో మన సుప్రీంకోర్టు కూడా, వేలిముద్ర కలవలేదన్న కారణంతో అర్హుడికి సాయం ఆపవద్దని చెప్పింది.

మనలో చాలామందిమి ఇలాంటి యంత్రాలను కొనేవాళ్లం, అమర్చేవాళ్లం, హాజరు లెక్కలపై సంతకాలు పెట్టేవాళ్లం. కనుక ఈ ప్రశ్న మనదే. సైటు గేటు దగ్గర ఒక కూలీ వేలు మూడుసార్లు నొక్కినా ఎర్రదీపమే వెలిగితే, అతని కార్డు చూసి, మేస్త్రీని అడిగి, పేరు రాసుకొని లోపలికి పంపే ఏర్పాటు ఉండాలి. ఆ రోజు కూలి పోకూడదు. ఆ వేళ్లు అరిగింది మనం ఉంటున్న ఇళ్లు కట్టే కదా!